పడినవాణ్ణి లేపకండి

ఎడమ చెవికి పైన, జుట్టు కింద, నా పుర్రెలో రెండు గుంటలున్నాయి. వేలు పెడితే వేలికొస దిగుతుంది. తలంటేటప్పుడు మా ఆవిడ తాయారు చెయ్యి అక్కడిదాకా వచ్చి, ఆగి, పక్కనుంచి తప్పుకుని వెళ్తుంది. నొప్పి లేదే అని ఎన్నిసార్లు చెప్పినా దాని దారి దానిదే.

ఇది కుడిచేత్తోనే రాస్తున్నాను. ఒకప్పుడు ఆ చేత్తో మంచినీళ్ళ గ్లాసు ఎత్తలేకపోయినవాణ్ణి. అక్షరాలు కాస్త వంకర తిరిగితే ఏమీ అనుకోకండి. నాకు డాక్టర్ల భాష రాదు. నాకేమనిపించిందో, నా చుట్టూ ఉన్నవాళ్ళు ఏమైపోయారో అంతవరకే రాస్తాను. నాకు జ్ఞాపకం లేని రోజులు కొన్ని ఉన్నాయి. అవి తాయారు చెప్పగా విన్నవి. అది ఉన్నదానికంటే కొంచెం ఎక్కువ చెబుతుందేమో గానీ తక్కువ మాత్రం చెప్పదు.

ఎందుకు రాస్తున్నానంటే, మా వైపు తీర్థాల్లో, జాతరల్లో ఇప్పటికీ వేసవి వస్తే నాలుగు గుంజలు పాతి, తాళ్ళు కట్టి, మనుషుల చేత డబ్బుకి బాక్సింగ్ ఆడిస్తున్నారు. ఆ తాళ్ళ లోపల నిలబడేవాడు ఇది చదవకపోవచ్చు. వాడి భార్యో, తల్లో, చెల్లెలో చదివితే చాలు.

తొంభై ఎనిమిది, వేసవి

మాది మొగల్తూరుకి దిగువన, సముద్రానికి దగ్గరగా ఉన్న చిన్న పల్లె. మా ఇళ్ళల్లో అందరిదీ చేపల వేటే. నేను మాత్రం స్పోర్ట్స్ హాస్టల్లో చదువుకున్నాను. బాక్సింగ్ నేర్చుకున్నది అక్కడే. రాష్ట్రం పోటీల్లో పతకాలొచ్చాయి గానీ ఉద్యోగం రాలేదు. నరసాపురంలో ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు లాగే పనికి కుదురుకున్నాను. అలా ఉండగా ఒక కాంట్రాక్టరు గారు మా వైపు డబ్బు పోటీలు మొదలుపెట్టారు. నా సంగతి విని కబురు పెట్టారు.

హాస్టల్లో ఆడిన ఆటకీ దీనికీ పొంతనే లేదు. అక్కడ తలకి మెత్తటి తొడుగు వేసేవారు, నెత్తురొస్తే ఆపేవారు, ఒకసారి స్పృహ తప్పితే చాలాకాలం గ్లవ్స్ ముట్టనిచ్చేవారు కాదు. ఇక్కడ అదేమీ లేదు. కోతలయ్యాక ఏ చేలో కోడిపందేల బరి కట్టేవారో అదే చేలో రింగు కట్టారు. అవే కుర్చీలు, అదే షామియానా, పందెం కాసేవాళ్ళు కూడా వాళ్ళే. కోళ్ళ పందేలకైతే పోలీసులు తరుముకుంటూ వచ్చేవారు. మా పోటీలకి బందోబస్తుకి వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. కోళ్ళని కొట్టించడం నేరమని దేశం మొత్తానికీ చట్టం ఉంది. మనిషిని డబ్బుకి కొట్టించే ఆటకి ఎవరు పూచీ, ఎవరు ఆపాలి అని చెప్పే చట్టం ఒక్కటీ లేదు. అప్పట్లో ఈ సంగతి మేమే చెప్పుకుని నవ్వుకునేవాళ్ళం.

రింగులో నా మూలన నిలబడి, రౌండుకీ రౌండుకీ మధ్య నన్ను చూసుకున్నది మా సూరయ్య మామయ్య. మా అమ్మకి స్వయానా తమ్ముడు. తాయారు ఆయన కూతురే. అంటే పిల్లనిచ్చిన మామ కూడా. ఆయన వేటకి వెళ్ళేవాడు కాదు, పెద్ద రైతుల పందెం పుంజుల్ని సాకేవాడు. బరిలో పడిపోయిన పుంజుని మళ్ళీ లేపడంలో ఆయన్ని మించినవాడు ఈ చుట్టుపక్కల లేడని పేరు. నీళ్ళు పుక్కిట పట్టి పుంజు మొహం మీద తుంపర కొట్టేవాడు. రెక్కల కింద వెచ్చగా ఊదేవాడు. మెడ నిమిరి, రెండు చేతులతో ఎత్తి, ముందుకు వదిలేవాడు. చచ్చిందనుకున్న పుంజు లేచి కాలు విసిరేది. జనం ఈలలేసేవారు.

నన్నూ అలాగే సాకాడు. పొద్దున్నే కాలవలో ఈత, తర్వాత వేడి గుడ్డతో కాపడం, నానబెట్టిన బాదంపప్పు, గుడ్లు, కైమా. నన్ను "మా డేగ" అనేవాడు. ఎర్రటి పందెం పుంజుని మా వైపు డేగ అంటారు. "మీ నాన్నకి కూతురి కంటే అల్లుడే ఎక్కువ" అని నేను తాయారుని ఏడిపించేవాణ్ణి. అది నిజం కూడా. ఆయనకి మగపిల్లలు లేరు. ఆయన నన్ను ప్రాణంగా చూసుకున్నాడు. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత సంగతి చదివి ఆయన్ని మీరు మరోలా అనుకుంటారేమోనని.

ఆ రోజు నాతో తలపడ్డవాడు తణుకు వైపు నుంచి వచ్చాడు. నాకంటే బాగా బరువైనవాడు. కోళ్ళకైనా ఎత్తూ బరువూ చూసి జత కడతారు, మాకు ఆ పాటి కూడా లేదు. మిట్ట మధ్యాహ్నం దాటాక, ఎండలోనే మొదలైంది. రెండో రౌండులో వాడి కుడిచెయ్యి నా వైపు రావడం చూశాను. నాకు తెలిసింది అంతవరకే. మిగతాది తాయారు మాట.

నేను కర్రలా వెనక్కి పడ్డానట. తల నేలకి తగిలిన చప్పుడు వెనక వరసలో దానికి వినిపించిందట. రిఫరీ లెక్కపెడుతుండగా రౌండు అయిపోయిందని గంట కొట్టేశారు. మామయ్య లోపలికొచ్చి నన్ను మూలకి లాక్కెళ్ళి స్టూలు మీద కూర్చోబెట్టాడు. 'డాక్టరు' అని కాగితం అంటించిన కుర్చీ ఒకటుంది. అందులో కాంట్రాక్టరు గారి తోడల్లుడు కూర్చుని సోడా తాగుతున్నాడు. మామయ్య పుక్కిట నీళ్ళు పట్టి నా మొహం మీద కొట్టాడు. మెడ రుద్దాడు. చెవుల్లో ఊదాడు. జనం మధ్యలోంచి తాయారు తాళ్ళ దగ్గరికి పరిగెత్తుకొచ్చింది.

"నాన్నా, బావ కళ్ళు చూడు. ఎటో చూత్తన్నాడు. దింపెయ్యి నాన్నా, నీ కాళ్ళు పట్టుకుంటాను."

"నీకు తెలీదు ఊరుకోవే. ఒక్క ఊపిరందితే చాలు, డేగ లేత్తాది."

గంట కొట్టారు. మామయ్య నన్ను నిలబెట్టి, వీపు మీద రెండు అరచేతులూ పెట్టి ముందుకు వదిలాడు.

నేను గెలిచాను. అదే మా కొంప ముంచింది. ఆ తర్వాత రెండు రౌండ్లు ఏం చేశానో, ఎన్ని తిన్నానో, వాణ్ణెలా పడగొట్టానో నాకు తెలీదు. దండ వేసుకుని నిలబడ్డ ఫోటో ఒకటుంది. అందులో నా కళ్ళు కెమెరా వైపు లేవు. జనం నన్ను వదిలేసి మామయ్యని భుజాలకెత్తుకున్నారట. చచ్చినోణ్ణి లేపాడ్రా సూరయ్య అని ఊరంతా ఒకటే మాట.

తలనొప్పి

మర్నాటి నుంచి తలనొప్పి. మొదట్లో చిన్నదే. గెలిచిన దిష్టి అంది అమ్మ. ఎండుమిరపకాయలూ ఉప్పూ తిప్పి పొయ్యిలో వేసింది. ఘాటు రాలేదు. దిష్టికి గుర్తే అది అని రోజూ తిప్పడం మొదలుపెట్టింది. మామయ్యకి ఆయన వైద్యం ఆయనకుంది. దెబ్బతిన్న పుంజుని కదపకూడదు, గాలీ వెలుతురూ తగలనివ్వకూడదు, కాపడం పెట్టాలి. నా గది కిటికీకి గోనెపట్టా కట్టాడు. వావిలాకు ఉడికించి మెడకీ తలకీ కాపడం పెట్టేవాడు. నేను మూలిగితే ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. అంత ప్రేమగా నన్ను చీకట్లో పడుకోబెట్టారు అందరూ.

తాయారు ఒక్కతే ఆసుపత్రి అంది. "గెలిచొచ్చిన మొగుడికి ఆసుపత్రేంటే, అపశకునం" అని అమ్మ కసిరింది.

ఆ రోజులు నాకు ముక్కలు ముక్కలుగా గుర్తున్నాయి. వంగితే తలలో బరువు ముందుకు జారినట్టుండేది. పొద్దున్న లేవగానే వాంతి. పగలంతా నిద్ర. గ్లాసు చేతిలోంచి జారిపోయేది, జారినట్టు నాకు తెలిసేది కాదు, చప్పుడైతే చూసుకునేవాణ్ణి. అన్నిటికంటే భయం వేసింది మాటలకి. కుర్చీ తీసుకురా అనబోయి గంప తీసుకురా అన్నాను. తాయారు నవ్వింది, నేనూ నవ్వాను. తర్వాత ఐసు అనే మాట కోసం వెతుక్కున్నాను. దిమ్మలు లాగే పని చేసేవాడికి ఐసు అనే మాట దొరకలేదు. చేతులతో చూపిస్తున్నాను, చల్లగా ఉంటుందని వణికి చూపిస్తున్నాను. ఈసారి తాయారు నవ్వలేదు.

ఇది చదివేవాళ్ళకి నా మనవి ఒక్కటే. తలకి దెబ్బ తగిలినవాడు నడుస్తున్నాడనీ, తింటున్నాడనీ, గెలిచాడనీ మోసపోకండి. తలనొప్పి తగ్గకపోగా పెరుగుతుంటే, మత్తుగా పడుకుంటుంటే, మాట తడబడుతుంటే కాపడాలు మానేసి స్కానింగుకి తీసుకెళ్ళండి. మెలకువ రానంత నిద్ర పడితే హాయిగా పడుకున్నాడనుకోకండి. మావాళ్ళు అలాగే అనుకున్నారు.

ఒక పొద్దున్న తాయారు ఎంత లేపినా నేను లేవలేదు. అది ఇంకెవర్నీ అడగలేదు. రోడ్డు మీదకి పోయి రొయ్యల చెరువుకి పోతున్న జీపుకి అడ్డం నిలబడింది.

కాకినాడ

దారిలో ఒకసారి కళ్ళు తెరిచాను. జీపు రావులపాలెం దగ్గర ఆగినట్టుంది, అరటిగెలల పచ్చి వాసన గుర్తుంది. నా తల తాయారు ఒళ్ళో ఉంది. వెనక సీట్లో అమ్మ. మామయ్య జీపు వెనక వేలాడుతూ నిలబడ్డాడు. నేనేదో అడిగాను. తాయారు వంగి విని, ఏడుపు ఆపుకుంటూ "ఆ, ఇత్తాను బావా" అంది. నేనేమడిగానో దానికి ఇప్పటికీ తెలీదు. నాకూ తెలీదు.

కాకినాడలో ఒక ఆసుపత్రిలో స్కానింగు తీశారు. పుర్రెకీ మెదడుకీ మధ్య నెత్తురు చేరి, రోజురోజుకీ పెరిగి మెదడుని నొక్కేస్తోందని చెప్పారు. డాక్టరు గారు తాయారుని అడిగారట.

"పడిపోయిన తర్వాత మళ్ళీ దెబ్బలేమైనా తగిలాయామ్మా?"

"తగిలాయండి."

"అప్పుడే ఆపేసి తీసుకొస్తే ఇంతదాకా వచ్చేది కాదేమో. ఇన్నాళ్ళూ ఏం చేశారు?"

"కాపడం పెట్టామండి" అంది మా అమ్మ.

పుర్రెకి రెండు చిల్లులు పెట్టి ఆ నెత్తురు తియ్యాలని చెప్పి డాక్టరు గారు కాగితం మీద సంతకం పెట్టించుకున్నారట. తాయారు వరండాలోకి వచ్చి తండ్రి ఎదురుగా నిలబడింది. ఆ ఘట్టం నాకు అమ్మ చెప్పింది, తాయారు ఎప్పుడూ చెప్పలేదు.

"చూడమన్నాను. కాళ్ళు పట్టుకుంటానన్నాను. నీకు బావ కనపడలేదు, పుంజే కనపడింది. నువ్వు కిందకి పో. నువ్వు పైకొత్తే నేను ఇక్కడ్నుంచి దూకేత్తాను."

మామయ్య కిందకి వెళ్ళిపోయాడు. నేనున్నన్నాళ్ళూ సైకిల్ స్టాండు దగ్గర సిమెంటు దిమ్మ మీదే ఉన్నాడు. వానొస్తే స్టాండు రేకు కిందకి జరిగేవాడట. అమ్మ కిందకి దిగి తమ్ముడికి అన్నం పెట్టేది, పైకొచ్చి కోడలి ముందు నోరు మెదిపేది కాదు. ఆ మెట్లు ఎక్కీ దిగీ అమ్మ మోకాళ్ళు అప్పుడే పోయాయి.

ఆపరేషన్‌కి ముందు తల గొరగడానికి మంగలి వచ్చాడు. అమ్మ నేల మీద కూర్చుని నా జుట్టంతా చీరచెంగులోకి ఏరుకుంటోంది. "ఇది దేవుడికి ఇవ్వాల్సిన జుట్టు బాబూ, ఆసుపత్రి చెత్తబుట్టలో పోతే ఆయనేమనుకుంటాడు" అంటోంది. మంగలి తనూ వంగి నాలుగు వెంట్రుకలు ఏరి అమ్మ చేతిలో పెట్టాడు. అప్పుడు నాకు తెలివి ఉంది. చచ్చిపోతానని నాకు అప్పుడే మొదటిసారి తోచింది. అరవాలనిపించింది. అరవడానికి మాట కావాలి కదా, అది లేదు. కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే మంగలి కత్తి తగిలిందేమోనని కంగారుపడ్డాడు.

ఆపరేషన్ గది బయట బల్ల మీద తాయారు పక్కన రావులపాలెం నుంచి వచ్చిన ఒకావిడ కూర్చుందట. ఆవిడ భర్త లారీ మీదనుంచి పడ్డాడు. ఇద్దరూ పేర్లు కూడా చెప్పుకోలేదు. ఆవిడ సంచిలోంచి చక్రకేళి పండు తీసి, ఒలిచి, తాయారు నోటి దగ్గర పెట్టింది. "తినమ్మా, ఏడవడానికైనా బలం ఉండాలి" అంది. నేను బయటికొచ్చాను. ఆవిడ భర్త రాలేదు. ఆవిడ అరుపు విన్నాక తాయారుకి చాలాకాలం అరటిపండు సహించలేదు.

వానాకాలం

ఇంటికి వచ్చాను గానీ సగమే వచ్చాను. కుడిచెయ్యి వేలాడుతుండేది. మాటలు నోటి దాకా వచ్చి వెనక్కి పోయేవి. అమ్మని 'తాయారూ' అని, తాయారుని 'అమ్మా' అని పిలిచేవాణ్ణి. చూడ్డానికొచ్చినవాళ్ళు గట్టిగా అరిచి మాట్లాడేవారు, నాకు చెవుడొచ్చిందనుకునేవారు కాబోలు. నాకు కోపం. ఎదురుగా ఏది ఉంటే అది ఎడమచేత్తో విసిరేసేవాణ్ణి. ఆ ఇంట్లో సత్తుగిన్నెలన్నీ సొట్టలే.

చేతికి పని పెట్టమని డాక్టరు గారు చెప్పారు. తాయారు తెగిన వలలు తెచ్చి ముందు పడేసింది. వల అల్లే పుల్ల వేళ్ళ మధ్య నిలిచేది కాదు. అది జారడం, తాయారు తీసివ్వడం, మళ్ళీ జారడం. రోజులు అలాగే గడిచేవి. దసరా వెళ్ళాక ఒక మధ్యాహ్నం ముడి పడింది. లూజు ముడి, చేప నవ్వుకుంటూ పోతుంది అందులోంచి. తాయారు ఆ ముడిని కోయనివ్వలేదు.

మామయ్య తను సాకే పుంజులన్నిటినీ ఎవరివి వాళ్ళకి అప్పజెప్పేశాడు. కూతురు రానివ్వదు కాబట్టి గుమ్మం ఎక్కేవాడు కాదు. ఏ పడవ దగ్గరో రెండు చేపలు అడిగి తెచ్చి మా కంచెకి తగిలించి పోయేవాడు. తాయారు వాటిని పక్కింటివాళ్ళకి ఇచ్చేసేది. అమ్మ ఉండబట్టలేక ఒకరోజు అంది.

"వాడు నా తోడబుట్టినోడే. కావాలని చేశాడంటావా?"

"కావాలని చేత్తే తిట్టి ఊరుకుందును అత్తా. ప్రేమగా చేశాడు. దాన్నేం చెయ్యమంటావు?"

నాకు మాట సరిగా ఉంటే నేనేమనేవాణ్ణో తెలీదు. మామయ్య మీద నాకు కోపం వచ్చేది, జాలి వేసేది, రెండూ ఒకేసారి వచ్చి తల బద్దలయ్యేది. తండ్రి పేరెత్తితే తాయారు వెళ్ళిపోతుంది. ఎత్తకపోతే అమ్మ ఏడుస్తుంది. నా తలలో నెత్తురు తీసేశారు గానీ ఇంట్లో చేరినదాన్ని తీసేవాళ్ళెవరూ లేరు.

చట్టం

ఆ చలికాలం మా ఎంపీ గారు రోడ్డు ప్రారంభానికి వస్తే ఊరివాళ్ళు నన్ను ఆయన ముందు నిలబెట్టారు. నా తల మీద గుంటలు ఆయన వేలితో తడిమి చూశారు. తర్వాత "కోళ్ళకున్న పాటి చట్టం మనుషులకి లేకపోవడమేంటయ్యా" అన్నారు. మేం నవ్వుకున్న మాటే. ఆయన నవ్వలేదు. డబ్బుకి ఆడించే బాక్సింగ్ మీద దేశం మొత్తానికీ ఒక చట్టం కావాలని తనే లోక్‌సభలో బిల్లు పెడతానన్నారు. ముసాయిదా రాయమని నరసాపురం లాయరు గారికి అప్పజెప్పారు.

లాయరు గారు మా ఇంటికే వచ్చారు. అమెరికాలో ఈ మధ్యే ఇలాంటి చట్టం ఒకటి చేశారనీ, మన దేశంలో డబ్బు పోటీలు ఎవరి ఇష్టం వాళ్ళదిగా ఉన్నాయనీ చెప్పారు. తను రాసింది మాకు అర్థమయ్యేట్టు చదివి వినిపించారు. పోటీ పెట్టేవాడికి లైసెన్సు ఉండాలి. రింగు పక్కన నిజం డాక్టరు ఉండాలి, ఆట ఆపే అధికారం ఆయనకుండాలి. స్పృహ తప్పినవాణ్ణి ఆ రోజు మళ్ళీ ఆడించకూడదు, తలకి స్కానింగు చేసి బాగుందంటేనే మళ్ళీ రింగెక్కాలి. అమ్మ రెండు చేతులూ జోడించి విన్నది, పురాణం విన్నట్టు.

ఆ రోజు చూసినవాళ్ళందరూ ఉండాలని లాయరు గారు కబురు పెట్టడంతో మామయ్య కూడా వచ్చి బయట అరుగు మీద కూర్చున్నాడు. తాయారు గుమ్మం లోపల నిలబడింది, తండ్రికి వీపు పెట్టి.

"స్పృహ తప్పినవాణ్ణి మళ్ళీ ఆడించినవారు శిక్షకి పాత్రులు అని రాశాను. ఆడించినవారంటే నిర్వాహకుడు. ఇంకెవర్నైనా చేర్చాలా అని అడుగుతున్నాను. ఆ రోజు మిమ్మల్ని మళ్ళీ లోపలికి పంపింది ఎవరండీ?" అన్నారు లాయరు గారు నన్ను చూసి.

అమ్మ నా మోకాలు గట్టిగా పట్టుకుంది. చెప్పొద్దని. తాయారు నా వైపే చూస్తోంది. చెప్పమని. నేను నోరు తెరిచాను. పేరు నాలుక మీదే ఉంది, రావడం లేదు. అది జబ్బు వల్లో, మరెందువల్లో నాకు ఇప్పటికీ తెలీదు.

"నేనేనండి" అన్నాడు మామయ్య బయట్నుంచి. లేచి గుమ్మం దాకా వచ్చాడు, దాటలేదు. "రాయండి బాబూ. మూలన నిలబడ్డోడు కూడా అని రాయండి. నాలాంటోడు ప్రతి మూలకీ ఒకడుంటాడండి. మేం మళ్ళీ లోపలికి ఒగ్గకపోతే ఏ కాంట్రాక్టరు గారూ ఆడించలేరు."

లాయరు గారు కంగారుపడ్డారు. "చట్టం జరిగిపోయినవాటికి వర్తించదండీ. మీ మీదకి ఏమీ రాదు, భయపడకండి."

"రాదా అండి?" అన్నాడు మామయ్య. ఆ గొంతులో భయం తీరిన జాడ ఎక్కడా లేదు.

లాయరు గారు ఆ మాట రాసుకున్నారు. తాయారు లోపలికి వెళ్ళి కాఫీ తెచ్చింది. లాయరు గారికి, నాకు, అమ్మకి. మామయ్యకి తేలేదు. అమ్మ తన గ్లాసు తీసుకెళ్ళి తమ్ముడికిచ్చింది. ఆయన తాగకుండా పట్టుకుని కూర్చున్నాడు.

ఎంపీ గారు ఢిల్లీలో నోటీసు ఇచ్చారని తెలిసింది. ఇలాంటి బిల్లులు శుక్రవారాలే తీస్తారట. శుక్రవారం వస్తే పక్కింటి టీవీ ముందు మేమంతా. మామయ్య వీధిలో నిలబడి కిటికీలోంచి చూసేవాడు. మా బిల్లు వంతు రాలేదు. వేసవి మొదట్లో ఢిల్లీలో ప్రభుత్వం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. లోక్‌సభ రద్దయింది. వరసలో ఉన్న బిల్లులన్నీ దాంతో పాటే పోతాయని లాయరు గారు చెప్పి, నా భుజం తట్టి వెళ్ళారు. తర్వాతి ఎన్నికల్లో ఆ ఎంపీ గారికి సీటే రాలేదు. కొత్తగా వచ్చినాయన కాగితాలు తీసుకుని చూద్దామన్నారు.

మామయ్య నన్ను రేవు దగ్గర పట్టుకుని అడిగాడు. "ఒక్క ఓటుతో పోయిందంట కదరా అల్లుడూ, మన చట్టం?"

ఆయన ఢిల్లీలో అందరూ కూర్చుని మా బిల్లు మీదే ఓట్లేశారనుకున్నాడు. కాదని చెప్పడానికి నాకు మాటలు అప్పటికి బాగానే వస్తున్నాయి. చెప్పలేదు. ఆ ఒక్కడూ ఎవడై ఉంటాడా అని ఆయన చాలాకాలం బాధపడ్డాడు.

రెండువేలు, వేసవి

ఆటోకి మైకు కట్టి మళ్ళీ ప్రచారం. అదే కాంట్రాక్టరు గారు, అదే చేను. నేను వెళ్ళాను. ఎందుకు వెళ్ళానంటే చెప్పలేను. జనం వెనక నిలబడ్డాను. మామయ్య వచ్చినట్టు నాకు తెలీదు.

మూడో పోటీలో ఒకతను పడ్డాడు. మోకాళ్ళు మడిచి, పక్కకి, నెమ్మదిగా. అతన్ని మూలకి లాక్కెళ్ళారు. అక్కడున్నది మామయ్యకి తెలిసిన పుంజుల మనిషే. పుక్కిట నీళ్ళు పట్టాడు. నేను ఆ పని చూడ్డం అదే మొదటిసారి. నా మీద జరిగినప్పుడు నేను చూడలేదు కదా.

అంతలో తాళ్ళ కిందనుంచి మామయ్య దూరాడు. ఆ ముసలాయన అంత వేగంగా కదలగలడని నాకు తెలీదు. స్టూలు తన్నేసి, ఆ కుర్రాణ్ణి కింద పడుకోబెట్టి, తల ఒళ్ళో పెట్టుకుని, భుజం మీద తువ్వాలు తీసి మొహానికి నీడ పట్టాడు. "లేపకండి. ఈణ్ణి లేపకండి" అంటున్నాడు. గంట కొట్టారు. ఆయన కదల్లేదు. లాగారు. కుర్రాడి తల వదల్లేదు. పందెం కాసినవాళ్ళు చెప్పులు విసిరారు. నేను జనాన్ని తోసుకుని వెళ్ళేసరికి ఆయన చొక్కా చిరిగిపోయింది, పెదవి పగిలింది. ఆట ఆగిపోయింది. రెండోవాణ్ణి గెలిచినట్టు ప్రకటించారు.

ఆ కుర్రాణ్ణి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. బతికాడు, బాగానే ఉన్నాడు. ఆట సాగి ఉంటే ఏమయ్యేదో ఎవరు చెప్పగలరు? తెలివి రాగానే అతను మామయ్యని బూతులు తిట్టాడు, నోటికాడ కూడు తీసేశాడని. మామయ్యకి ఎవరూ దండ వెయ్యలేదు. నన్ను మళ్ళీ రింగులోకి తోసిన రోజు భుజాలకెత్తుకున్న ఊరే ఈసారి రాళ్ళు ఏరుకుంది. మనిషిని మళ్ళీ ఆడిస్తే పట్టుకునే చట్టం లేదు గానీ ఆట ఆపినవాణ్ణి పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉంది. పోటీకి భంగం కలిగించి గొడవ చేశాడని పోలీసులు మామయ్యని స్టేషన్‌కి తీసుకెళ్ళారు.

నేను ఇంటికొచ్చి తాయారుకి జరిగింది చెప్పాను. అది బియ్యం కడుగుతోంది. చేతులు తుడుచుకుని చెప్పులేసుకుంది.

స్టేషన్‌లో మామయ్య గోడవార నేల మీద కూర్చున్నాడు. కూతుర్ని చూసి తల దించుకున్నాడు. కాకినాడ వరండా తర్వాత వాళ్ళిద్దరూ ఎదురెదురుగా ఉండడం అదే. తాయారు అక్కడున్న కుండలోంచి నీళ్ళు తెచ్చి, చీరకొంగు తడిపి, ఆయన పెదవి మీద నెత్తురు తుడిచింది. మెడ తుడిచింది. స్టేషన్ రైటరు గారు సంతకం పెట్టించుకుని ఇక తీసుకెళ్ళమన్నారు. మామయ్య గబుక్కున లేవబోయి తూలాడు. తాయారు ఆయన భుజం నొక్కి కూర్చోబెట్టింది.

"తొందరేం లేదు నాన్నా" అంది. "నీకు బాగున్నాకే లేద్దాం."